శీతాంగము – మూర్ఛ : చీనావైద్యమునందలి ‘జ్యుయె’ శబ్దవిచారము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన యెత్తున, మైసూరు పీఠభూమి తూర్పుటంచున నెలకొనియున్నవి. తెలుగు, కన్నడము, అరవము అను మూడు భాషలును ఈ సీమలో ఒకదానితో నొకటి యొరసికొనుచుండును. కుప్పము సంతలో ఈ మూటిని కలిపి మాటలాడువారు నేటికిని కలరు. ఇట్టిచోట రోగనామములు భాషనుండి భాషకు సులభముగ దాటుచుండును. సన్నిపాత శబ్దము తెలుగువారి నోట ‘సంధి’ యయ్యెను. అరవమున ‘జన్ని’, కన్నడమున ‘సన్ని’ యయ్యెను. జ్వరము ముదిరి ప్రేలాపన పుట్టెనేని మూడు భాషలవారును ఒకే మాటను మూడు విధముల పలికి, ఒకే భయమును పొందుచుండిరి.

ఈ సీమ తెలుగున చల్లదనమును దెలుపు పదములకు రెండు ముఖములు కలవు. పెద్దలు ‘నీ కడుపు చల్లగా’ యని దీవింతురు. పుంగనూరి సుగుటూరు గంగమ్మకును, కుప్పము తిరుపతి గంగమ్మకును వేసవి జాతరలలో వేపాకును, అంబలిని అర్పించి ‘తల్లీ, చల్లగా చూడుము’ అని వేడుదురు. అదే నోట ‘కాళ్లుచేతులు చల్లబడిన’వన్న మాట వెడలినచో ఇంటిల్లిపాదికిని గుండె జారిపోవును. ఒకచోట చలువ ప్రాణము; వేరొకచోట ప్రాణము పోవుటకు గురుతు. మూర్ఛ విషయమునను ఇట్టి తారతమ్యమే కలదు. సొమ్మసిల్లుట, సొక్కిపడుట, తెలివితప్పుట యను మాటలు పైకొకటిగనే తోచినను, వైద్యుని చెవికి వేర్వేరు ప్రశ్నలను పుట్టించును. పడినవాడు తానే లేచునా? లేపిననే గాని లేవడా? లేపినను లేవడా?

మూర్ఛకును అంగముల చల్లదనమునకును గల ఈ సంబంధమును చీనాదేశపు వైద్యులు రెండువేల యేండ్లకు పూర్వమే గమనించి, ఆ రెంటికిని కలిపి ఒకే శబ్దమును ఏర్పరచిరి. ఆ శబ్దము ‘జ్యుయె’. దీనిని ఆంగ్లానువాదకులు కొందరు మూర్ఛ యనియు, కొందరు కాలుసేతుల చల్లదనమనియు వ్రాసియున్నారు. రెండును నిజమే, రెండును అసమగ్రములే. ఈ శబ్దచరిత్రమును ఆంధ్రదేశమున వాడుకలోనున్న ‘శీతాంగము’, ‘మూర్ఛ’, ‘సన్న్యాసము’ అను శబ్దములతో పోల్చి చూచినచో, ఒక రోగలక్షణమును రోగముగా భ్రమించుటవలన ఎంతటి యనర్థము వాటిల్లగలదో విశదమగును. శబ్దమును తప్పుగ చదివిన పండితుడు వ్యాఖ్యానమును మాత్రమే చెరచును. శీతాంగమును తప్పుగ చదివిన వైద్యుడు ప్రాణమునే పోగొట్టును.

చీనావైద్యమునకు మూలగ్రంథమైన ‘హ్వాంగ్ దీ నైజింగ్’ క్రీస్తుపూర్వపు కడపటి శతాబ్దులలో సంకలితమైనదని చరిత్రకారుల యభిప్రాయము. అది పీతచక్రవర్తికిని, చీ బో అను వైద్యునికిని సంవాదరూపమున నున్నది. అందలి ‘సూ వెన్’ భాగమున 45వ ప్రకరణము పూర్తిగ జ్యుయెను గూర్చినదే. ఆ శబ్దమునకు ఎదురు తిరుగుట, తన దారిని విడిచి వెనుకకు మరలుట యను భావము కలదు. దేహమున సంచరించు ‘ఛీ’, అనగా ప్రాణవాయుతుల్యమైన శక్తి, పోవలసిన దిక్కునకు పోక ఎదురు తిరిగిన స్థితియే జ్యుయె. అధోభాగమున యాంగ్ అను ఉష్ణాంశము క్షీణించినపుడు శీతజ్యుయె పుట్టును. చల్లదనము కాలివ్రేళ్లనుండి బయలుదేరి మోకాళ్లదాక ఎగబ్రాకును. అధోభాగమున యిన్ అను శీతాంశము క్షీణించినపుడు ఉష్ణజ్యుయె పుట్టును, అరికాళ్లు మండును. పిదప చక్రవర్తి మరియొక ప్రశ్న వేయును: ఈ రోగముచేతనే కొందరు ఉన్నట్టుండి మనుష్యులను గుర్తింపలేక అరపూటయో, దినమో పడియుండుటకు కారణమేమి? పైభాగమున శక్తులు కలత చెందుటయే కారణమని సమాధానము. కాలివ్రేళ్ల చల్లదనమును, తెలివి తప్పుటయును ఒకే ప్రకరణమున ఒకే పేర చేరుటకు మూలమిదియే. క్రింద తరిగినది, పైన కలతపడినది. రెండును ఒకే ప్రతిలోమగతికి రెండు కొనలు.

ఈ సిద్ధాంతమునకు చీనావారు చెప్పుకొను కథ యొకటి సీమా ఛ్యన్ రచించిన ‘షీ జీ’ యను మహేతిహాసమున కలదు. ఆ గ్రంథము క్రీ. పూ. మొదటి శతాబ్ది యారంభమునాటిది. బియన్ ఛ్యుయె అను వైద్యుడు గ్వో రాజ్యమునకు వచ్చునప్పటికి అచ్చటి యువరాజు మృతుడైనాడని నగరమంతయు శాంతిక్రియలలో మునిగియుండెను. ఎప్పుడు పోయెనని యాతడడిగెను. కోడి కూసిన వేళనుండి యనిరి. పెట్టెలో నుంచిరా? ఇంకను లేదనిరి. అంతట నాతడు, లోనికి పోయి చూడుడు, చెవిలో మ్రోత వినబడును, ముక్కుపుటములు కదలుచుండును, తొడల లోపలి భాగమున వెచ్చదన మింకను నిలిచియుండును అని తెలిపెను. యువరాజునకు కలిగినది మృత్యువు గాదు, ‘షీ జ్యుయె’, అనగా శవతుల్యమైన జ్యుయె యని నిర్ణయించి, శిష్యునిచేత సూదులు నూరించి తలపై నాటించెను. కొంతసేపటికి యువరాజు కన్ను తెరచెను. పార్శ్వములకు వేడి కాపడము పెట్టగా లేచి కూర్చుండెను. ఇరువది దినములు కషాయము త్రావి స్వస్థుడయ్యెను. చచ్చినవానిని బ్రతికించెనని లోకము కొనియాడగా, తాను చచ్చినవానిని బ్రతికింపలేదనియు, బ్రతుకవలసినవానిని లేపుట మాత్రమే చేసితిననియు ఆ వైద్యుడు చెప్పెనట. కథలో ఇతిహాసమెంత, కల్పన యెంత యనునది వేరు ప్రశ్న. అందు నిలిచిన వైద్యసూత్రము మాత్రము స్పష్టము: చేతులు చల్లబడినను, తెలివి పోయినను, దేహమధ్యమున వెచ్చదనము నిలిచియున్నంతవరకు వైద్యుడు ఆశ విడువరాదు.

చరకసంహిత సూత్రస్థానమున 24వ యధ్యాయమును చదివినవారికి ఈ కథ క్రొత్తగా తోపదు. అందు మదము, మూర్ఛ, సన్న్యాసము అని ఉత్తరోత్తరము బలీయములైన మూడు స్థితులు వర్ణింపబడినవి. మద మూర్ఛలు దోషవేగము తీరినంతట తమంత శమించును; సన్న్యాసము ఔషధము లేనిదే శమింపదు. సన్న్యాసము పొందినవాడు కొయ్యవలె, శవమువలె పడియుండును. లోతునీట మునిగిపోవు పాత్రను అడుగంటకమునుపే చేయిచాచి పట్టుకొనునట్లు, అట్టివానిని వైద్యుడు త్వరపడి పట్టుకొనవలెనని చరకుని యుపమానము. ఉపాయములో? తీక్ష్ణమైన అంజనము, నస్యము, ధూమము, సూదులతో గ్రుచ్చుట, గోళ్ల సందున నొప్పి కలిగించుట, వెండ్రుకలు లాగుట, దూలగొండి రాచుట. ఇచ్చటి సూదులకును బియన్ ఛ్యుయె సూదులకును సిద్ధాంతము వేరు. చీనావైద్యుని సూది నాడీమార్గమును సరిదిద్దుట కుద్దేశింపబడినది. చరకుని సూది నొప్పిచే మేల్కొలుపుట కుద్దేశింపబడినది. ఐనను ఇరువురికిని ఒకే త్వర, ఒకే నమ్మకము: శవమువలె నున్నవాడు శవము కాకపోవచ్చును.

సుశ్రుతుడు ఉత్తరతంత్రమున మూర్ఛను ఆరు విధములుగ విభజించెను: వాతజము, పిత్తజము, కఫజము, రక్తజము, మద్యజము, విషజము. చికిత్సలో చన్నీరు చల్లుట, చల్లని పూతలు, మణులు, హారములు, వింజామరల గాలి చెప్పబడినవి. మూర్ఛలన్నిటను పిత్తము ప్రధానమగుటచే శీతోపచారము మొదటిది. ఇచ్చటనే చిక్కు పొడచూపుచున్నది. మూర్ఛిల్లినవానికి చలువ చేయవలెను. కాళ్లుచేతులు చల్లబడినవానికి వేడి చేయవలెను. ఒకే రోగికి రెండును కలిగినచో వైద్యుడేమి చేయవలెను?

ఈ ప్రశ్నకు చీనాలో విస్తారముగ సమాధానము వ్రాసినవాడు జాంగ్ జోంగ్ జింగ్. ఈతడు క్రీ. శ. 200 ప్రాంతమున హాన్ వంశము కూలిపోవుచున్న కాలమున నుండెను. రెండువందలకు మించిన తన వంశీయులలో, 196 మొదలు పదియేండ్లలోపల మూడింట రెండువంతులు చనిపోయిరనియు, వారిలో పదింట ఏడుగురు ‘షాంగ్ హాన్’ అను శీతజన్య జ్వరమునకు బలియైరనియు తన గ్రంథపీఠికలో చెప్పుకొనెను. ఆ దుఃఖమునుండి పుట్టిన గ్రంథమే ‘షాంగ్ హాన్ లున్’. అందు జ్యుయెకు లక్షణము సూత్రప్రాయముగ నున్నది: యిన్ యాంగ్ శక్తులు ఒకదానితో నొకటి సాఫీగ కలిసికొనకపోవుటయే జ్యుయె, కాలుసేతులు చల్లబడుటయే దాని గురుతు. నైజింగ్‌నాటి విశాలార్థమునుండి ఈ శబ్దము ఇచ్చట అంగశైత్యమునకు ప్రధానముగ కుదించుకొనినది. తరువాతి వైద్యులు తెలివితప్పుటను, అంగశైత్యమును మరల ఒకటిగ చేర్చి, ఛీజ్యుయె, రక్తజ్యుయె, కఫజ్యుయె, ఆహారజ్యుయె అని కారణములను బట్టి విభజించిరి. సుశ్రుతుని షడ్విధమూర్ఛకు ఈ విభాగము మిక్కిలి దగ్గరిది.

జాంగ్ జోంగ్ జింగ్ గొప్పదనము చల్లని చేతిని పట్టుకొని ఇది చలువరోగమని చెప్పక ఆగుటలో నున్నది. నాడి సన్నగిలి, విరేచనమున అన్నము అరుగక పడుచు, రోగి ముడుచుకొని పరుండినచో అది నిజమైన శీతము. దానికి ‘సీ నీ థాంగ్’, అనగా నాలుగంగముల ప్రతిలోమమునకు కషాయము, చెప్పబడినది. అందలి ద్రవ్యములు మూడే: శుద్ధిచేయని నాభిజాతి దుంప, శొంఠి, అతిమధురము. అదే చల్లని చేయి గలిగి, నాడి జారుడుగ, నిండుగ నడచుచున్నచో లోన తాపము గూడుకట్టియున్నది. చల్లదనమెంత లోతో, లోపలి తాప మంత లోతు. దానికి శీతలమైన ‘బై హూ థాంగ్’, అనగా శ్వేతవ్యాఘ్ర కషాయము, చెప్పబడినది. అందు ముఖ్యద్రవ్యము జిప్సము. మన రసవైద్యులు గోదంతి యని వ్యవహరించు రాయి యదియే. దీనికి విపర్యాసమును కలదు. మొగము ఎఱ్ఱబడి, పైకి జ్వరమువలె తోచి, నాడి తెగిపోవునట్లు సన్నగిలి, చేతులు చల్లబడినచో లోన శీతము, బయట తాపము. దానికి మరల శొంఠి, నాభియే. ఒకే చల్లని చేతికి అగ్నియో, మంచో అను నిర్ణయము నాడి పట్టిన మూడువ్రేళ్లపై ఆధారపడియుండెను. తప్పిన మందు మందు గాదు; మృత్యువునకు తోడు.

ఆంధ్రవైద్యులకును ఈ వివేచనము తెలియనిది కాదు. చరకుడు జ్వరచికిత్సితమున అంతర్వేగ బహిర్వేగములని జ్వరమును రెండుగ విభజించి, లోపలి దాహము, మిక్కిలి దప్పి, ప్రలాపము, శ్వాస, చెమట పట్టకుండుట అంతర్వేగమునకు గురుతులని చెప్పెను. తరువాతి నిదానకారులు సన్నిపాతజ్వరమును పదుమూడు విధములుగ చేసి, అందొకదానికి ‘శీతాంగ’మని పేరిడిరి, దేహము మంచువలె చల్లబడి, వణకు, శ్వాస, వెక్కిళ్లు కలుగుట దాని స్వరూపము, అసాధ్యములలో దానిని చేర్చిరి. నాడీపరీక్షను సంస్కృతవైద్యమున స్పష్టముగ ప్రవేశపెట్టిన శార్ఙ్గధరుడు మిక్కిలి క్షీణించి చల్లబడిన నాడి ప్రాణాంతకమని తెలిపెను. తెలుగునాట వైద్యులకు కరదీపికలైన బసవరాజీయము, వల్లభాచార్యుని వైద్యచింతామణి యను రెండును నాడీపరీక్షకు అగ్రస్థాన మిచ్చినవి. వీరశైవుడైన బసవరాజు శ్లోకములకు తెలుగు తాత్పర్యము చేర్చుటచే, సంస్కృతము రాని పల్లెటూరి వైద్యునికిని ఆ గ్రంథము అందుబాటులోనికి వచ్చెను.

ఔషధములందును సామ్య మాశ్చర్యకరము. శీతాంగమున తెలుగువైద్యుడు మృత్యుంజయ రసము, ఆనందభైరవి వంటి మాత్రలను అల్లపురసముతో నిచ్చుచుండెను. ఆ మాత్రలలో ముఖ్యద్రవ్యము వత్సనాభి. అనగా హిమాలయములలో పుట్టు నాభి. జాంగ్ జోంగ్ జింగ్ వాడిన దుంప ఆ జాతికే చెందిన వేరొక మొక్కనుండి వచ్చినది. అల్లము, నాభి యను జంట చీనాలోను, ఆంధ్రమునను చల్లబడిన దేహమును వేడిచేయుటకు వాడబడెను. రెండుచోట్లను ఆ విషమును లొంగదీయుటకు శ్రమపడిరి. ఇచ్చట గోమూత్రమున నానబెట్టిరి. అచ్చట దీర్ఘకాలము కాచిరి. ఆ శ్రమ అకారణమైనది కాదు; నాభియందలి విషము గుండె నడకను చెరచి ప్రాణము తీయగలదని నేటి రసాయనశాస్త్రము నిరూపించినది, దీర్ఘకాలము కాచుటచే ఆ విషశక్తి తగ్గుననియు నిరూపించినది. పల్లెలలో ఇల్లాండ్రు చేయు ఉపచారము ఇంకను సులభము. శొంఠిపొడి అరచేతులకును అరికాళ్లకును రుద్దుట, ఇసుకమూటతో కాపడము పెట్టుట, ఉల్లిగడ్డ చితుకగొట్టి ముక్కువద్ద నుంచుట.

ఈ జ్ఞానమంతటికిని పందొమ్మిదవ శతాబ్దియారంభమున కఠినపరీక్ష యొకటి వచ్చినది. 1817వ సంవత్సరమున వంగదేశపు జెస్సోరునందు విజృంభించిన వాంతిభేది, 1818లో దక్షిణాపథమును దాటి ఆ శరత్కాలమునకు మద్రాసు చేరెను. 1820లో ఓడలపై చీనా తీరమును ముట్టెను. అప్పటికి మదనపల్లె, 1800లో కుంఫిణీకి సంక్రమించిన దత్తమండలములలోని కడప జిల్లాకు చెందియుండెను. పుంగనూరు జమీనును, కుప్పము చేరిన కంగుంది జమీనును ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. ఈ భాగములన్నియు 1911లో చిత్తూరు జిల్లాగ కూర్పబడినవి. మైసూరు సీమనుండి తిరుపతికి పోవు యాత్రికుల బాటలు ఈ మెట్టభూముల గుండ సాగును. 1864 నుండి కుప్పముమీదుగ బెంగుళూరునకు పొగబండియు నడచెను. బాటలతోపాటు రోగమును నడచెను. 1876–78 నాటి మహాక్షామమున కడప, ఉత్తరార్కాడు, మైసూరు సీమలు ఆకటితో అలమటించుచుండగా వాంతిభేది మరల వచ్చి, రాజధానియందు లక్షలకొలది ప్రాణములను గొనిపోయినది.

ఆ రోగమున జరుగునది చూచినవారు మరువలేరు. వాంతులు, గంజివంటి విరేచనములు, పిక్కలు పట్టుకొనిపోవుట, కన్నులు గుంటలు పడుట, కంఠస్వరము హీనమగుట, గోళ్లు నీలవర్ణము దాల్చుట, నాడి చేతికందకుండుట, కాళ్లుచేతులు మంచువలె చల్లబడుట. సుశ్రుతుడు విషూచికయందు అసాధ్యలక్షణములుగ చెప్పిన నీలిగోళ్లు, లోనికి పోయిన కన్నులు, క్షీణస్వరము ఇందు కన్పట్టుచున్నవి. కావున పండితులు దీనిని విషూచి యనిరి. మఱికొందరు దేహశైత్యమును ప్రధానముగ గొని శీతాంగసన్నిపాత మనిరి. మద్రాసు వైద్యమండలి పక్షమున విలియం స్కాట్ 1824లో ఈ వ్యాధిని గూర్చి పెద్ద నివేదికను ప్రకటించెను. ఆ తరపు మద్రాసు ఆంగ్లవైద్యుల వ్రాతలలో ధన్వంతరి పేరిట వాడుకలోనున్న ‘చింతామణి’నుండి శీతాంగసన్నిపాత లక్షణములు అనువదింపబడి, ఈ వ్యాధి దేశీయులకు పూర్వపరిచితమేయన్న వాదమునకు ఆధారముగ చూపబడినవి.

చీనాలోను సరిగ ఇదియే జరిగినది. షాంగ్ హాన్ లున్ నందు ‘హ్వో ల్వాన్’ అను వాంతివిరేచనరోగమునకు ఒక ప్రకరణము కలదు. వాంతియు, విరేచనమును, చెమటయు, అంగములు బిగిసికొని పోవుటయు, కాలుసేతులు చల్లబడుటయు కలిగినచో సీ నీ థాంగ్ ఇమ్మని అందు విధి. 1820 తరువాత చీనావైద్యులు క్రొత్త మారికి ఆ పాతపేరునే పెట్టి, ఆ పాతమందునే ఇచ్చుటకు సాహసించిరి. వాంగ్ షీ ష్యుంగ్ అను వైద్యుడు 1838లో హ్వో ల్వాన్‌ను గూర్చి గ్రంథము రచించి, 1862లో షాంఘై నగరమున దానిని సంస్కరించెను. శీతజన్యము, ఉష్ణజన్యము అని ఆ రోగమును రెండుగ విడదీసి, మారిగ ప్రబలు రోగము పెక్కుపట్ల ఉష్ణజన్యమనియు, చల్లని చేతిని చూచి నాభి, శొంఠి కుమ్మరించుట హత్యతుల్యమనియు వాదించెను. ఆయన ప్రతిపక్షులు శీతవాదమును విడువలేదు. ఉభయులకును జాంగ్ జోంగ్ జింగ్ మూలపురుషుడే. ఉభయులకును ఆధారము గ్రంథములోనిదే.

నేటి జ్ఞానమున చూచినచో ఆ వాదమున శీతపక్షమును పూర్తిగ గెలువదు, ఉష్ణపక్షమును పూర్తిగ గెలువదు. వాంతిభేదిలో దేహము చల్లబడుట దేహమున నీరును లవణములును కారిపోవుటచేత. ప్రసరించు రక్తము తరిగినపుడు దేహము గుండెను, మెదడును కాపాడుకొనుటకై చేతులకును, కాళ్లకును పోవు రక్తమును ముడిచి లోనికి తీసికొనును. కావున కాళ్లుచేతుల చల్లదనము రోగము కాదు; రోగముతో దేహము చేయు పెనుగులాట. ఆ పెనుగులాట ఓడినపుడు మెదడునకు రక్తము చాలక తెలివి తప్పును. క్రింద తరిగినది, పైన కలతపడినది యని చీ బో చెప్పినది సిద్ధాంతముగ వేరైనను, చూచిన దృశ్య మిదియే. తాపము ఎక్కువగనున్న జ్వరమునను, జ్వరవేగము పెరుగుచున్నప్పుడు చేతులు చల్లబడును. చల్లదనము లోతైనకొలది తాపము లోతన్న జాంగ్ జోంగ్ జింగ్ మాట ఆ స్థితికి సరిపోవును. వాంతిభేదికి మాత్రము ఆ రెండు తూనికలును చాలవు.

వాంతిభేదిలో కావలసినది అగ్నియు గాదు, మంచును గాదు, నీరు, ఉప్పు. ఐరోపాలోను ఆ దినములలో పెక్కురు వైద్యులు రోగికి నీరిచ్చుటకు జంకి, రక్తము తీసి, ఉన్న ద్రవమును కూడ తరిగించుచుండిరి. 1832లో థామస్ లాటా యను స్కాట్లండు వైద్యుడు లవణజలమును రక్తనాళములలోనికి ఎక్కించి, నాడి తప్పిన రోగులు లేచి కూర్చుండుటను చూచెను. ఆయన మార్గమును లోకము త్వరలోనే మరచెను. ఇరువదియవ శతాబ్ది యారంభమున కలకత్తాలో లియొనార్డు రోజర్సు దానిని మరల నిలబెట్టెను. 1971లో బనగాం శరణార్థి శిబిరమున దిలీప్ మహలనవీసు ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నోటిద్వారా త్రావించి, మరణములను నూటికి 30 నుండి నూటికి 4 కు లోపుగ తగ్గించెను. వేల సంవత్సరముల శీతోష్ణవాదమునకు సమాధానము కుండలోని నీటియందును, చిటికెడు ఉప్పునందును దొరికినది.

ఐనను పూర్వులు ఈ సత్యపు గుమ్మమువరకు రాలేదని చెప్పరాదు. హ్వో ల్వాన్ ప్రకరణముననే జాంగ్ జోంగ్ జింగ్ ఒక సూక్ష్మమైన మాటను వ్రాసెను: నాడి సన్నగిలిన రోగికి భేది ఆగిపోయినచో, అది స్వస్థత కాదు, లోపలి రక్తద్రవము తీరిపోవుటచేతనే ఆగినది. అట్టిచోట పాతకషాయమునకు బలద్రవ్యమైన జిన్‌సెంగ్ చేర్చుమనెను. కారిపోవుటకు ఏమియు మిగులలేదు కావున కారుట ఆగినదని ఆయన గుర్తించెను; కారిపోయినదానిని నీటితోనే నింపవచ్చునని మాత్రము తోపలేదు. సుశ్రుతుని గుంటకన్నులును ఆ గుమ్మముకడనే నిలిచినవి. విషూచికయందు మడమలను కాల్చుమని ఆయన విధించెను. గుంటలుపడిన కన్ను చెప్పుచున్న దప్పిని వినలేదు. సూక్ష్మమైన గమనమునకును, సరియైన చికిత్సకును నడుమ ఒక అడుగు మాత్రమే యున్నను, ఆ అడుగు వేయుటకు ఎన్నో శతాబ్దులు పట్టినవి.

ఇట్టి ‘తరుగుట’ యొక్క వేరొక రూపము మదనపల్లెకు మిక్కిలి చేరువనే కన్పట్టినది. ఆ పట్టణసమీపమున ఆరోగ్యవరమునందు క్షయరోగుల చికిత్సాలయము 1915లో వెలసినది. డేన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి చిరకాలము అధ్యక్షుడై యుండెను. ఎత్తైన భూమి, పొడిగాలి క్షయరోగులకు మేలని ఆ కాలపు నమ్మకము. క్షయరోగమున ఊపిరితిత్తులనుండి రక్తము పెల్లుబికినచో రోగి పాలిపోయి, చేతులు చల్లబడి, సొమ్మసిల్లును. చీనావారి రక్తజ్యుయె యిదియే. ఇందును చలువ కాదు, వేడి కాదు, పోయినది రక్తము. కొంతసేపటిక్రితమే జ్వరముచే కాలిన చేయి మంచువలె చల్లబడుటను చూచినవానికి, ఆ చేయి దేహవార్తను మోయు దూత మాత్రమేయని, వార్తను పంపినవాడు వేరని తెలియకపోదు.

ఇంతకును ‘జ్యుయె’ను తెలుగున ఏమని పలుకవలెను? మూర్ఛ యన్నచో నైజింగ్‌లోని ఎగబ్రాకు చల్లదనము విడిపోవును. శీతాంగ మన్నచో ఉష్ణజ్యుయె అరికాలి మంట విడిపోవును. అంతకంటె ముఖ్యముగ, అసాధ్యసన్నిపాతమను అర్థము చేరి, యువరాజును లేపిన వైద్యుని ఆశకు చోటు లేకపోవును. సన్న్యాస మన్నచో అంగశైత్యమునకు తావు చాలదు. ప్రతిలోమము అను శబ్దము చరకాదులు వాయువునకు వాడినదే. ఎదురు తిరుగుట యను మూలార్థమును అది మోయగలదు. శీతప్రతిలోమము, ఉష్ణప్రతిలోమము, రక్తప్రతిలోమము అని విశేషణములు చేర్చుటకును అది లొంగును. అనువాదమున ఈ శబ్దమును స్వీకరించి, మూర్ఛ, శీతాంగములను దాని లక్షణములుగ మాత్రమే వాడినచో చీనామూలమునకు న్యాయము కలుగును.

శబ్దసామ్యమున రోగసామ్యమును ఊహించుట ఎంత ప్రమాదకరమో కూడ ఈ చరిత్ర చెప్పుచున్నది. 1818 తరువాత మద్రాసున శీతాంగమను పాతపేరు, 1820 తరువాత చీనాలో హ్వో ల్వాన్ అను పాతపేరు ఒకే క్రొత్త మారిని కప్పినవి. పేరు పాతదగుటచే మందును పాతదే చాలునని రెండుచోట్లను నమ్మిరి. పాఠశాలలో వైద్యగ్రంథములను బోధించు పండితుడు నిఘంటువున ఒక పదమునకు ఎదుట వేరొక పదమును వ్రాయునప్పుడు, ఆ పదము వెనుక మంచమున పడియున్న రోగి యొకడు కలడని మరువరాదు. పుంగనూరి ఇల్లాలు శొంఠిపొడి చేతపట్టుకొని రోగి అరికాలిని తడవి చూచినపుడు, గ్వో రాజ్యపు అంతఃపురమున తొడ వెచ్చదనమును వెదకిన చేయియు ఆమె చేయియు ఒకటియే. ఇంకను వెచ్చగ నున్నాడా? అను ప్రశ్న ఒక్కటియే. దానికి సమాధానము దొరకిన వెంటనే ఆ దేహమున తరిగినదేమో యెరిగి, అది నీరైనచో ఉప్పు కలిపిన నీటిని పెదవికి అందించుటయే నేటి వైద్యము పూర్వుల ప్రశ్నకు చేర్చిన యుత్తరార్ధము.